హీటింగ్ స్టవ్ బ్లోయర్ మోత తగ్గించుకోవడం ఎలా

స్టవ్ కొన్న మొదటి రోజు నుంచీ బ్లోయర్ మోతగానే ఉందా, లేక కొన్నాళ్లు చక్కగా తిరిగి ఈ మధ్యనే మోత మొదలుపెట్టిందా? గదిని వెచ్చబెట్టే స్టవ్ విషయంలో ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఇదే. మొదటి రోజు నుంచీ ఉన్న మోత సాధారణంగా బ్లోయర్ వేగం వల్లనో, గాలి వచ్చిపోయే దారి ఇరుకుగా ఉండడం వల్లనో, స్టవ్‌ను నిలబెట్టిన తీరు వల్లనో పుడుతుంది. మధ్యలో వచ్చిన మోతకు మాత్రం పేరుకున్న దుమ్ము, వదులైన స్క్రూలు, గట్టిపడిన రబ్బరు, ఎండిపోయిన బేరింగు, వీటిలో ఏదో ఒకటి కారణమై ఉంటుంది. ఈ రెండు రకాలకూ మందు ఒకటి కాదు. దుమ్ము పట్టిన బ్లోయర్‌కు కొత్త రెగ్యులేటర్ బిగించినా, వేగం ఎక్కువైన బ్లోయర్‌ను ఎన్నిసార్లు శుభ్రం చేసినా, శ్రమ తప్ప ఫలితం దక్కదు.

మోటారు మార్చక తప్పదని అందరూ అనుకునే దశకు వచ్చిన మోత కూడా చాలాసార్లు ఒక బ్రష్షుతోనూ ఒక స్క్రూడ్రైవరుతోనూ తగ్గిపోతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తనక్కరలేదు. అందుకే ఈ వ్యాసంలో పనులను ఖర్చు లేనివాటి నుంచి ఖర్చయ్యేవాటి వరకు ఆ వరుసలోనే చెబుతున్నాను. మీరూ అదే వరుసలో చేసుకుంటూ వెళ్లి, మోత ఎక్కడ తగ్గితే అక్కడ ఆగిపోవచ్చు.

మోత చేస్తున్నది ఏ బ్లోయర్?

కట్టెలతో మండే స్టవ్‌కు సాధారణంగా ఒకే బ్లోయర్ ఉంటుంది. అది గదిలోని గాలిని అడుగు నుంచో వెనక నుంచో లాగి, నిప్పుగూటి చుట్టూ ఉన్న రేకు గోడల మధ్యగా పంపి, వేడెక్కిన గాలిని ముందువైపు నుంచి గదిలోకి తోస్తుంది. పొగకూ ఈ గాలికీ ఎక్కడా కలయిక ఉండదు. పెల్లెట్లతో, అంటే రంపపు పొట్టును అదిమి చేసిన చిన్న గుళికలతో మండే పెల్లెట్ స్టవ్‌లో దీనికి తోడు రెండో బ్లోయర్ ఉంటుంది. నిప్పుగూటిలోకి గాలిని రప్పించి, పొగను లాగి గొట్టం ద్వారా బయటికి పంపడం దాని పని. రెండూ వెనక రేకు చాటునే ఉంటాయి కాబట్టి, గదిలో కూర్చున్నవారికి ఏది మోత చేస్తోందో వెంటనే తెలియదు.

వీటిని వేరు చేయడానికి సులభమైన ఉపాయం స్టవ్ వెలిగించిన తొలి నిమిషాల్లోనే దొరుకుతుంది. పొగ బ్లోయర్ వెలిగించగానే తిరగడం మొదలుపెడుతుంది. గది బ్లోయర్ మాత్రం స్టవ్ ఒళ్లు కొంత వేడెక్కిన తరువాత, వేడికి పనిచేసే చిన్న స్విచ్చు కలిస్తేనో, కంట్రోల్ బోర్డు అనుమతి ఇస్తేనో మొదలవుతుంది. మోత మొదటి నిమిషం నుంచే ఉంటే పొగ బ్లోయర్‌ను, ఆలస్యంగా మొదలైతే గది బ్లోయర్‌ను అనుమానించాలి.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. గది బ్లోయర్ వేగాన్ని మీ ఇష్టప్రకారం తగ్గించుకోవచ్చు, కానీ పొగ బ్లోయర్ వేగాన్ని మోత తగ్గించడం కోసం ఎప్పుడూ తగ్గించకూడదు. పొగ లాగే బలం తగ్గితే మంట సరిగా మండదు, కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వచ్చే ప్రమాదం ఉంటుంది. ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు కాబట్టి ముప్పు ముంచుకొచ్చేదాకా మనిషికి తెలియదు. స్టవ్ ఉన్న ప్రతి ఇంట్లోనూ దాన్ని పసిగట్టే అలారం ఉండి తీరాలి. పొగ బ్లోయర్‌కు శుభ్రత, బిగింపు, బేరింగు, గ్యాస్కెట్ (అతుకు దగ్గర సందు మూసే పట్టీ) వరకే మరమ్మతు. దాని వేగం తయారీదారు నిర్ణయించినంతే ఉండాలి.

చెవితో కారణం పట్టుకోవడం

తెలుగులో చప్పుళ్లకు ఉన్న పేర్లు ఈ పనిలో నిజంగా అక్కరకొస్తాయి. బ్లోయర్ 'గూం'మని ఒకే స్వరంలో మూలుగుతుంటే అది కరెంటు మూలుగు. 'గరగర' అంటుంటే బేరింగు ఎండింది. 'కీచు'మంటే ఇరుసు తనను పట్టి ఉంచే బుష్షును, అంటే గుండ్లు లేని గొట్టం లాంటి బేరింగును, ఒరుసుకుంటోంది. 'టకటక' అంటే రెక్కల చక్రం ఎక్కడో తగులుతోంది, లేదా ఏదో తునక లోపల పడింది. 'గలగల' అంటే రేకు వదులైంది. సన్నగా ఈల వేస్తే గాలి ఇరుకు సందులో నుంచి దూరుతోంది. 'హోరు' మాత్రం గాలి కదలికకు సహజమైన చప్పుడు, దాన్ని తగ్గించవచ్చు గాని పూర్తిగా పోగొట్టలేము.

ఈ చప్పుళ్లు కలగలిసి వినిపించినప్పుడు వాటిని విడదీయడానికి మూడు పరీక్షలు సరిపోతాయి.

మొదటిది, బ్లోయర్ పూర్తి వేగంతో తిరుగుతుండగా రెగ్యులేటర్‌ను ఆపేసి వినడం. కరెంటు పోయిన తరువాత కూడా రెక్కల చక్రం కొన్ని సెకన్లు తన ఊపుతో తిరుగుతూనే ఉంటుంది. స్విచ్చు ఆపిన క్షణంలోనే మోత తెగిపోతే అది మోటారు కాయిళ్లలోనో రెగ్యులేటర్‌లోనో పుట్టిన కరెంటు మూలుగు. వేగం తగ్గుతున్నకొద్దీ మోత కూడా నెమ్మదిగా దిగుతూ పోతే దాని పుట్టుక చక్రంలోనో బేరింగులోనో ఉంది. నాకు తెలిసినంతలో దీనికి మించిన పరీక్ష లేదు. దీనికి ఏ పరికరమూ అవసరం లేదు, పది సెకన్లలో సగం అనుమానాలు తొలగిపోతాయి. పెల్లెట్ స్టవ్‌లో గది బ్లోయర్‌కు విడిగా స్విచ్చు లేకపోతే, స్టవ్ ఆర్పి చల్లారే దశలో బ్లోయర్ తనంతట తాను ఆగే క్షణం కోసం వేచి ఉండి వినాలి. మంట ఉండగా ప్లగ్ పీకకూడదు.

రెండవది, మందపాటి చేతి తొడుగు వేసుకుని స్టవ్ పక్క రేకులను, వెనక మూతను, గాలి వచ్చే జాలీని ఒక్కొక్కటిగా అరచేత్తో నొక్కి చూడడం. ఎక్కడ నొక్కినప్పుడు చప్పుడు మారుతుందో, ఆగుతుందో, ఆ రేకే గలగలలాడుతోందని అర్థం. మా స్టవ్‌లో ఒక చలికాలమంతా విన్న గలగల ఇలాగే బయటపడింది. బేరింగు అరిగిందని నేను గట్టిగా నమ్మి ఉన్నాను. వెనక మూత ఎడమ పై మూలను వేలితో నొక్కగానే చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. అక్కడి స్క్రూ చుట్టూ సన్నని మెరుపు వలయం ఉంది. రేకు నెలల తరబడి స్క్రూ తలను ఒరుసుకుని, తన మీది నల్లరంగును తానే గీకేసుకుంది. వదులైన చోటును కంటితో పట్టుకోవాలంటే ఇలాంటి మెరుపు వలయం కోసం, స్క్రూ కింద రాలిన సన్నని లోహపు పొడి కోసం వెతకాలి.

మూడవది, వేగాన్ని అతి తక్కువ నుంచి అతి ఎక్కువ వరకు మెల్లగా పెంచుతూ వినడం. ఒకానొక వేగం దగ్గర మాత్రమే మోత హఠాత్తుగా పెరిగి, దాన్ని దాటగానే తగ్గితే, బ్లోయర్ కంపనానికి ఏదో రేకు వంత పాడుతోందన్నమాట. వేగంతో పాటు క్రమంగా పెరిగితే చక్రం తూకం తప్పింది, లేదా అది గాలి హోరే. వేగం తగ్గించినప్పుడు మూలుగు పెరిగితే రెగ్యులేటర్‌ను చూడాలి.

మరమ్మతుకు ముందు మోత ఎంత ఉందో ఫోన్‌లోని శబ్దమాపక యాప్‌తో ఒకసారి కొలిచి రాసి పెట్టుకోండి. ఫోన్ చూపే అంకె ఖచ్చితమైనది కాకపోవచ్చు, కానీ ప్రతిసారీ అదే ఫోన్‌ను స్టవ్‌కు 1 మీటరు దూరంలో, అదే ఎత్తులో, అదే బ్లోయర్ వేగంతో పెట్టి కొలిస్తే, ముందుకూ తరువాతకూ ఉన్న తేడా నమ్మదగినదే అవుతుంది.

విప్పే ముందు

స్టవ్ పూర్తిగా చల్లారాలి. పైకి చల్లగా తోచినా బూడిద అడుగున నిప్పు చాలాసేపు, ఒక్కోసారి రోజుల పాటు కూడా, బతికి ఉంటుంది. బూడిదను మూత ఉన్న లోహపు డబ్బాలోకి తీసి, కాలే వస్తువులకు దూరంగా బయట పెట్టాలి. మామూలు వాక్యూమ్ క్లీనర్‌తో బూడిద లాగకూడదు. సన్నని బూడిద దాని వడపోతను దాటి గదంతా పరుచుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చేరినా లోపలి సంచి అంటుకుంటుంది. తరువాత ప్లగ్‌ను గోడ నుంచి పీకాలి. స్విచ్చు ఆపితే చాలదు, ఎందుకంటే వేడి స్విచ్చు కలిసి ఉంటే బ్లోయర్ మనం చెయ్యి పెట్టిన సమయంలోనే తిరగడం మొదలుపెట్టవచ్చు. స్టవ్‌కు ప్లగ్ లేకుండా నేరుగా వైరింగు చేసి ఉంటే మెయిన్ ఆపి, టెస్టరుతో సరిచూసుకోవాలి. వైర్లు ఊడదీసే ముందు ఏది ఎక్కడిదో ఫోటో తీసుకోవాలి. వారంటీ ఇంకా ఉంటే, విప్పడం వల్ల అది రద్దవుతుందేమో ఆ కాగితం చదివి తెలుసుకోవడం మంచిది.

దుమ్ము తొలగించడం

ఎక్కువ మోతలు తగ్గేది ఇక్కడే కాబట్టి ఈ పనికి సమయం కేటాయించండి. గది బ్లోయర్‌లో సాధారణంగా డ్రమ్ము ఆకారపు రెక్కల చక్రం ఉంటుంది. దాని చుట్టూ సన్నని, వంపు తిరిగిన రెక్కలు పదుల సంఖ్యలో ఉంటాయి. టార్చి వేసి చూస్తే ప్రతి రెక్క వంపు లోపలి భాగంలో బూడిదరంగు దుమ్ము, వెంట్రుకలు, బట్టల నూగు కలిసి దళసరి గుడ్డలాగా అతుక్కుని కనిపిస్తాయి. గోటితో గీకితే అది పొడిగా రాలదు, పొరగా ఊడి వస్తుంది. వంపు పూడిపోయిన రెక్క గాలిని సరిగా తోయలేదు. పైగా ఆ పొర అన్ని రెక్కల మీదా సమానంగా ఉండదు, ఒక పక్క పొర ఊడిపోయి మరో పక్క మిగిలినప్పుడే అసలు తంటా మొదలవుతుంది.

లెక్క వేసి చూస్తే దీని తీవ్రత తెలుస్తుంది. ఇరుసుకు 6 సెంటీమీటర్ల దూరంలో ఒక పక్కన కేవలం 1 గ్రాము దుమ్ము అదనంగా ఉందనుకుందాం. చక్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతున్నప్పుడు ఆ ఒక్క గ్రాము ఇరుసును దాదాపు 150 గ్రాముల బరువుతో సమానమైన బలంతో బయటికి లాగుతుంది. ఆ లాగుడు సెకనుకు 25 సార్లు దిక్కు మార్చుకుంటూ చుట్టూ తిరుగుతుంది. అదే చక్రం 3000 చుట్లు తిరిగితే బలం నాలుగు రెట్లై 600 గ్రాములకు చేరుతుంది. రేకులు గలగలలాడడానికీ, బుష్షులు అరగడానికీ, స్క్రూలు తమంతట తామే వదులవడానికీ మూలం ఈ కుదుపే.

బ్లోయర్‌ను స్టవ్ నుంచి విడదీసి, వీలైతే ఇంటి బయటికి తీసుకువెళ్లి, మెత్తని బ్రష్షుతో ఒక్కొక్క రెక్కనూ లోపలి నుంచి బయటికి తుడవాలి. పాత పళ్ల బ్రష్షు దీనికి సరిగ్గా సరిపోతుంది. ఏ రెక్క దగ్గర మొదలుపెట్టారో అక్కడ మార్కరుతో చుక్క పెట్టుకుంటే చుట్టు పూర్తయిందీ లేనిదీ తెలుస్తుంది. సగం రెక్కలు శుభ్రం చేసి సగం వదిలేస్తే తూకం ముందుకంటే చెడుతుంది, మోత పెరుగుతుంది. రెక్కల మీద అక్కడక్కడా చిన్న లోహపు క్లిప్పులు కనిపిస్తే వాటిని పీకవద్దు. అవి తయారీలో చక్రం తూకం సరిచేయడానికి పెట్టినవి. రెక్కలు పలుచని రేకుతో చేసినవి కాబట్టి గట్టిగా నొక్కితే వంగిపోతాయి. గాలి పంపుతో ఊదేటప్పుడు చక్రాన్ని చేత్తో కదలకుండా పట్టుకోవాలి, లేకపోతే ఆ గాలి ఊపుకు అది తట్టుకోగలిగిన వేగాన్ని మించి తిరిగి బేరింగులను పాడుచేస్తుంది.

జిడ్డు పట్టి దుమ్ము బ్రష్షుకు రాకపోతే చక్రాన్ని ఇరుసు నుంచి తీసి సబ్బునీళ్లతో కడగవచ్చు. మోటారుకు మాత్రం తడి తగలకూడదు. తీసే ముందు చక్రం ఇరుసు మీద ఎంత లోపలికి ఉందో మార్కరుతో గీత గీయాలి. తిరిగి పెట్టేటప్పుడు 2 మిల్లీమీటర్ల తేడా వచ్చినా చక్రం అంచు డొప్పను గీకే అవకాశం ఉంది. చక్రాన్ని పట్టి ఉంచే మరను ఇరుసు మీద చదును చేసిన భాగానికి ఎదురుగా వచ్చేట్టు బిగించాలి. తుప్పుతో పట్టేస్తే తుప్పు వదిలించే నూనె వేసి కొన్ని గంటలు ఆగాలి గాని సుత్తితో కొట్టకూడదు. ఇరుసు వంగితే ఆ మోతకు ఇక మందు లేదు.

చక్రం పూర్తిగా ఆరిన తరువాతే బిగించండి. మోటారు మీది గాలి రంధ్రాలనూ, బ్లోయర్ డొప్ప లోపలి గోడలనూ, గాలి లోపలికి వచ్చే జాలీనీ అదే విడతలో తుడిచేయాలి. పొగ బ్లోయర్ చక్రం మీద పేరుకునేది మసి, బూడిద. దాన్ని కూడా ఇదే విధంగా తుడవవచ్చు, కానీ అది విప్పిన ప్రతిసారీ గ్యాస్కెట్‌ను పరీక్షించి, చిరిగినా నలిగినా కొత్తది వేయాలి. అక్కడ సందు మిగిలితే పొగ ఇంట్లోకి వస్తుంది.

బిగింపు, రబ్బరు

శుభ్రం చేసిన బ్లోయర్‌ను తిరిగి పెట్టేటప్పుడు మోటారును డొప్పకు, డొప్పను స్టవ్‌కు పట్టి ఉంచే స్క్రూలన్నీ బిగించాలి. ఒక మూల పూర్తిగా బిగించి తరువాత మరో మూలకు వెళ్లకుండా, ఎదురెదురు మూలలను కొద్దికొద్దిగా బిగిస్తూ వస్తే డొప్ప మెలి తిరగదు. వేడికీ చల్లదనానికీ రేకులు వ్యాకోచిస్తూ సంకోచిస్తూ ఉంటాయి కాబట్టి మామూలు వాషరు కంటే స్ప్రింగు వాషరు వేసిన స్క్రూ ఎక్కువ కాలం బిగువుగా ఉంటుంది.

మోటారు కాళ్ల కింద చాలా స్టవ్‌లలో రబ్బరు బుడిపెలు ఉంటాయి. మోటారు కంపనం రేకుకు చేరకుండా అడ్డుకోవడానికే అవి ఉన్నాయి. వేడికి మామూలు రబ్బరు కొన్నేళ్లలో గట్టిపడి, పగిలి, చెక్కముక్కలా తయారవుతుంది. అప్పుడు స్టవ్ ఒళ్లంతా వీణ కుండలాగా మారి మోటారు చేసే చిన్న నాదాన్ని పెద్దది చేసి గదికి వినిపిస్తుంది. గోటితో నొక్కి చూస్తే మెత్తగా లోపలికి వెళ్లి తిరిగి రావాలి. అలా రాకపోతే మార్చాలి. కొత్తవి సిలికాన్ రబ్బరుతో చేసినవై ఉండాలి, అవి దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకుంటాయి. స్పాంజి, ఫోము, గుడ్డ, అట్ట వంటివేవీ స్టవ్ లోపల పెట్టకూడదు, అవి అంటుకుంటాయి. రబ్బరును నలిగిపోయేంతగా బిగిస్తే అది పనిచేయదు కాబట్టి, స్క్రూ తగిలిన తరువాత మరొక్క చుట్టు తిప్పి ఆపాలి.

రబ్బరు మార్చేటప్పుడు చాలామంది మరచిపోయేది ఎర్తు వైరు. మోటారుకూ స్టవ్ రేకుకూ మధ్య రబ్బరు వచ్చినప్పుడు లోహపు కలయిక తెగిపోతుంది. మోటారు ఒంటికి ఎర్తు వైరు విడిగా కలిపి ఉందో లేదో చూసుకుని తీరాలి.

గలగలలాడే రేకుకు, ముఖ్యంగా మూతలూ తలుపులూ ఆనుకునే అంచులకు, వేడిని తట్టుకునే సిరామిక్ ఫైబరు పట్టీ గాని ఫైబర్‌గ్లాస్ తాడు గాని పెడితే చప్పుడు ఆగుతుంది. సన్నని ఈల వినిపించే చోట కూడా ఇదే మందు. బ్లోయర్ డొప్ప స్టవ్‌కు ఆనుకునే చోట గ్యాస్కెట్ చెడితే గాలి ఆ సందులోంచి ఈల వేస్తూ పోతుంది, గదికి రావలసిన వేడిగాలీ కొంత తగ్గుతుంది.

బేరింగులు, నూనె

బ్లోయర్ చేతిలో ఉన్నప్పుడే ఇరుసును వేలితో మెల్లగా తిప్పి చూడండి. చక్రం నునుపుగా తిరిగి, తనంతట తాను నెమ్మదించి ఆగాలి. ఇసుక నలిగినట్టు తగిలినా, ఒక చోట పట్టినట్టు ఆగినా బేరింగులో లోపం ఉంది. ఇరుసును పక్కలకు కదిపితే ఏమాత్రం ఊగకూడదు. ముందుకూ వెనక్కూ కొద్దిగా జరగడం మాత్రం సహజమే.

ఈ మోటార్లలో రెండు రకాల బేరింగులు వస్తాయి. ఒకటి నూనె పీల్చుకుని ఉండే కంచు బుష్షు, రెండోది గుండ్ల బేరింగు. బుష్షు కొత్తలో చాలా నిశ్శబ్దంగా ఉంటుంది, కానీ స్టవ్ వేడికి అందులోని నూనె క్రమంగా ఎండి జిగురుగా మారుతుంది. గుండ్ల బేరింగు మొదటి నుంచీ కొంచెం చప్పుడు చేసినా వేడిని ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది. మోటారు మీద నూనె వేయడానికి చిన్న రంధ్రం గాని రబ్బరు బిరడా గాని ఉంటే, ఎలక్ట్రిక్ మోటారుకని అమ్మే ఎస్‌ఏఈ 20 రకం డిటర్జెంటు కలపని నూనెను 2 లేదా 3 చుక్కలు వేయాలి. ఎక్కువ వేస్తే అది కారి కాయిళ్ల మీదికి చేరి దుమ్మును పట్టుకుంటుంది. వంటనూనె వేయకూడదు, అది వేడికి వార్నిషులా గట్టిపడుతుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టగానే చప్పుడు తగ్గినట్టు అనిపిస్తుంది గాని, అది పలుచనిది కావడం వల్ల బుష్షులో మిగిలి ఉన్న కాస్త నూనెనూ కడిగేసి కొన్నాళ్లకు మోతను రెట్టింపు చేస్తుంది. నూనె రంధ్రమే లేని మూసిన బేరింగులకు బయటి నుంచి నూనె వేసి ప్రయోజనం లేదు, వాటిని మార్చడమే మార్గం.

మోటారు మూలుగుతూ చక్రం తిరగకుండా ఉంటే వెంటనే ఆపేయండి. తిరగని మోటారులో కరెంటు ప్రవహిస్తూ ఉంటే కాయిళ్లు కాలిపోతాయి. కెపాసిటరు ఉన్న మోటారైతే అది బలహీనపడినప్పుడు కూడా ఇలాగే మూలుగుతుంది. ప్లగ్ పీకిన తరువాత కూడా కెపాసిటరులో కరెంటు నిలిచి ఉండవచ్చు కాబట్టి ఆ పనిని ఎలక్ట్రీషియన్‌కు వదిలేయడం మేలు.

కరెంటు మూలుగు, రెగ్యులేటర్

ఏసీ కరెంటుతో తిరిగే ఏ మోటారైనా కరెంటు పౌనఃపున్యానికి రెట్టింపు స్వరంలో మూలుగుతుంది. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్న చోట ఆ మూలుగు 100 హెర్ట్జ్, 60 హెర్ట్జ్ ఉన్న చోట 120 హెర్ట్జ్. ఇది తప్పించలేనిది, కానీ మెత్తని రబ్బరు బుడిపెలు ఉంటే వినిపించనంత తగ్గుతుంది. తక్కువ వేగంలో మూలుగు పెరగడానికి కారణం వేరు. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ వేగం తగ్గించడానికి కరెంటు అలలో ప్రతిసారీ ఒక ముక్కను కోసేస్తుంది. కోసిన అల నునుపుగా ఉండదు, ఆ కుదుపుకు కాయిళ్లూ ఇనుప పలకలూ గట్టిగా మూలుగుతాయి. రెగ్యులేటర్‌ను కాస్త పైకి తిప్పితే మూలుగు తగ్గే స్థానం ఒకటి దొరుకుతుంది, గాలి హోరుకూ మూలుగుకూ మధ్య చెవికి హాయిగా ఉండే చోటు అదే. కొన్ని రెగ్యులేటర్లలో అతి తక్కువ వేగాన్ని సరిచేసే చిన్న మర ఉంటుంది. మోటారు మూలుగుతూ ఆగిపోయే స్థాయికి దిగకుండా దాన్ని అమర్చుకోవాలి. చాలా ఫ్యాన్ రెగ్యులేటర్లు ఆఫ్ తరువాత ముందుగా ఎక్కువ వేగాన్నే ఇస్తాయి. మోటారు బలంగా మొదలై తరువాత నెమ్మదించాలన్నదే అందులోని ఉద్దేశం. లైట్ల వెలుగు తగ్గించే డిమ్మరును మాత్రం మోటారుకు పెట్టకూడదు. మోటారు వేడెక్కుతుంది, డిమ్మరు పాడవుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్‌తో మెట్లు మెట్లుగా వోల్టేజి తగ్గించే రెగ్యులేటర్ అలను కోయదు కాబట్టి దానితో మూలుగు తక్కువ. మోటారు తీసుకునే కరెంటుకు తగిన సామర్థ్యం ఉన్నదాన్ని ఎంచుకుని, దాన్ని స్టవ్ వేడి తగలని చోట బిగించాలి. పెల్లెట్ స్టవ్‌లో వేగాన్ని కంట్రోల్ బోర్డు నడుపుతుంది కాబట్టి మధ్యలో మరో రెగ్యులేటర్ పెట్టడం సరికాదు.

వేగం తగ్గించడం, దారి వెడల్పు చేయడం

శుభ్రత, బిగింపు, నూనె అన్నీ అయ్యాక మిగిలేది గాలి హోరు. దాన్ని తగ్గించడంలో వేగానికి సాటి వచ్చేది లేదు. ఫ్యాన్ల విషయంలో ఇంజనీర్లు వాడే లెక్క ప్రకారం వేగాన్ని 20 శాతం తగ్గిస్తే గాలి కూడా 20 శాతమే తగ్గుతుంది, శబ్దం మాత్రం దాదాపు 5 డెసిబెల్‌లు పడిపోతుంది. వేగాన్ని సగం చేస్తే గాలి సగమై, శబ్దం సుమారు 15 డెసిబెల్‌లు తగ్గుతుంది. 10 డెసిబెల్‌లు తగ్గితే మన చెవికి మోత సగమైనట్టు అనిపిస్తుందని గుర్తు పెట్టుకుంటే ఈ అంకెల విలువ తెలుస్తుంది. అందుకే గంటసేపు పూర్తి వేగంతో నడిపి ఆపడం కంటే రెండు గంటలు తక్కువ వేగంతో నడపడం చెవికి ఎంతో సుఖం. అయితే వేగం మరీ తగ్గితే వేడి గదిలోకి రాకుండా పొగగొట్టం దారి పడుతుంది. పెల్లెట్ స్టవ్‌లో లోపలి వేడి హద్దు దాటితే రక్షణ స్విచ్చు స్టవ్‌ను ఆపేస్తుంది. అలా ఆగిపోతుంటే మంటను కూడా తగ్గించాలి గాని ఆ స్విచ్చును తప్పించే ప్రయత్నం చేయకూడదు.

గాలి వచ్చే దారి మూసుకుపోతే మోత పెరుగుతుంది. వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని అరచేత్తో మూస్తే దాని స్వరం ఒక్కసారిగా పైకి లేస్తుంది కదా, ఇక్కడా అదే జరుగుతుంది. లాగడానికి గాలి లేనప్పుడు మోటారు మీద బరువు తగ్గి అది ఇంకా వేగంగా తిరుగుతుంది, స్వరం పెరుగుతుంది, గదికి వచ్చే వేడి తగ్గుతుంది. స్టవ్ వెనకా అడుగునా తయారీదారు చెప్పినంత ఖాళీ ఉందో లేదో టేపుతో కొలవాలి. కట్టెల బుట్టలు, తివాచీ అంచులు, కుర్చీలు గాలి దారికి అడ్డం రాకూడదు. మోత ఆపుదామని జాలీకి గుడ్డ కప్పడం, గాలి దారిలో దూది దూర్చడం చాలా ప్రమాదం. మోటారు చల్లబడేది కూడా ఆ గాలితోనే.

చెక్క నేల మీద ఉన్న స్టవ్ నాలుగు కాళ్లూ సమంగా ఆనకపోతే నేల కూడా మోగుతుంది. మట్టం పెట్టి చూసి కాళ్ల మరలను సరిచేయాలి. పొగగొట్టం బిగింపు చెదిరేంతగా స్టవ్‌ను కదపకూడదు.

బ్లోయర్‌నే మార్చవలసి వస్తే

ఇరుసు ఊగుతున్నా, చక్రం వంగినా, గుండ్ల బేరింగు గరగరలాడుతున్నా మార్చక తప్పదు. కొత్తది ఎంచుకునేటప్పుడు వోల్టేజి, పౌనఃపున్యం, బిగించే రంధ్రాల కొలత, గాలి పరిమాణం పాతదానితో సరిపోవాలి. అన్నిటికంటే ఎక్కువగా తప్పు జరిగేది తిరిగే దిక్కు దగ్గర. ఈ రెక్కల చక్రం తప్పు దిక్కులో తిరిగినా కొంత గాలి వస్తుంది, కాబట్టి పొరపాటు వెంటనే తెలియదు. గాలి మాత్రం బాగా తగ్గి, మోత పెరుగుతుంది. పాత బ్లోయర్ విప్పకముందే దిక్కు బాణం గుర్తు వేసి ఉంచండి. మోటారు ఇన్సులేషన్ తరగతి కూడా చూడాలి: బి తరగతి 130, ఎఫ్ తరగతి 155, హెచ్ తరగతి 180 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకుంటుంది. పాతదానికంటే తక్కువ తరగతి తీసుకోకూడదు. స్టవ్‌లో చోటు ఉండి, తయారీదారు అనుమతించిన నమూనా దొరికితే, చిన్న చక్రం వేగంగా తిరిగే బ్లోయర్ కంటే పెద్ద చక్రం నెమ్మదిగా తిరిగే బ్లోయర్ అదే గాలిని ఎంతో తక్కువ మోతతో ఇస్తుంది.

అన్నీ బిగించాక మంట లేకుండానే ఒకసారి తిప్పి చూడండి. వేడి స్విచ్చు కలవనిదే తిరగని స్టవ్ అయితే మాన్యువల్ స్థానం ఉందేమో చూడాలి, లేకపోతే చిన్న మంట వేసి వేచి ఉండాలి. మొదట అతి తక్కువ వేగం, తరువాత మధ్యస్థం, చివరగా పూర్తి వేగం పెట్టి, ప్రతి వేగం దగ్గరా రెండు మూడు నిమిషాలు వినండి. ఫోన్‌ను మునుపటి చోటనే పెట్టి మళ్లీ కొలిచి, ఆ అంకెనూ తేదీనీ ముందు రాసుకున్నదాని పక్కనే రాయండి. స్టవ్ బాగా వేడెక్కి పూర్తిగా చల్లారిన తరువాత మరునాడు స్క్రూలన్నిటినీ ఇంకొకసారి బిగించండి. రేకులు ఒకసారి వ్యాకోచించి తిరిగి కుదురుకున్నాక వాటిలో ఒకటి రెండు తప్పకుండా పావు చుట్టు తీసుకుంటాయి.